అమ్మఒడి, తల్లికి వందనం: ఏది మేలు?

బడికి వెళ్లే పిల్లలున్న ఇంటికి ఇచ్చే సాయాన్ని తల్లి లెక్కన ఇవ్వాలా, బిడ్డ లెక్కన ఇవ్వాలా అన్నదే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకాలైన ఈ రెండింటి మధ్య అసలు తేడా. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి, ఇంట్లో ఎందరు చదువుతున్నా, తల్లికి ఏడాదికి 15,000 రూపాయలే లెక్కగట్టింది. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనం ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే ప్రతి బిడ్డకూ అంతే మొత్తాన్ని లెక్కగట్టింది.

ఒక్క బిడ్డే ఉన్న ఇంటికి పెద్దగా మారిందేమీ లేదు. 2022 నాటికే అమ్మఒడిలో బడి, మరుగుదొడ్ల నిర్వహణ పేరిట 2,000 మినహాయించి 13,000 జమచేసేవారు. ఇప్పుడూ ఖాతాలో పడేది 13,000 రూపాయలే. ముగ్గురు చదివే ఇంట్లో మాత్రం అది 39,000 అవుతుంది. విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో ఆటో నడుపుకునే కుటుంబానికి వచ్చేది ఒక్కరి డబ్బే అయితే, అది కొడుకు ఇంటర్ ఫీజుకు పోతుందా, కూతురి బడి ఫీజుకు పోతుందా అన్నది ఊహించడం కష్టమేమీ కాదు. కూతురి పేరిట విడిగా లెక్క ఉన్నప్పుడు, ఆమెను బడి మాన్పించాలనే మాట ఇంట్లో అంత తేలిగ్గా రాదు. నా దృష్టిలో కొత్త పథకం మేలనడానికి ఇదే ముఖ్యమైన కారణం, ఖజానాపై భారం పెరిగినా సరే.

డబ్బు పడే వేళ కూడా చిన్న విషయం కాదు. అమ్మఒడి తొలి రెండు విడతలు జనవరిలో, తర్వాతివి జూన్ చివర్లో వచ్చాయి. తల్లికి వందనం 2025లో బడులు తెరిచిన జూన్ 12నే మొదలైంది. విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాల్లో అప్పు పెట్టే అవసరం ఆ రోజుల్లోనే వస్తుంది (పాత పుస్తకాలతో సరిపెట్టుకునేవారికి లెనిన్ సెంటర్ ఎలాగూ ఉంది).

అర్హతల దగ్గర మాత్రం రెండూ ఒక తానులోని గుడ్డలే. 75 శాతం హాజరు న్యాయమైన షరతే. పట్టణంలో నెలకు 12,000 రూపాయల ఆదాయ పరిమితి, 300 యూనిట్ల కరెంటు హద్దు అలా కావు. కృష్ణలంకలో ఒకే మీటరు మీద మూడు పోర్షన్లు నడిచే ఇంట్లో, వేసవి బిల్లు ఎవరి పేరున చేరితే వారే ఆ 300 యూనిట్లకు జవాబు చెప్పుకోవలసి వస్తోంది.