చంకలోని మొండి గడ్డలకు శస్త్రచికిత్స: ఒక ఆసుపత్రి సేవపై నా అభిప్రాయం

చంకల వంటి చోట్ల చీముగడ్డలు మళ్లీ మళ్లీ వచ్చే హైడ్రాడెనైటిస్ సప్పురేటివా అనే చర్మవ్యాధితో ఏళ్ల తరబడి బాధపడిన నాకు, అది హర్లీ మూడో దశకు (ఈ వ్యాధి తీవ్రతను సూచించే మూడు దశల్లో చివరిదానికి) చేరిందని నిర్ధారించి, హైదరాబాదులోని ఒక ఆసుపత్రి ప్లాస్టిక్ సర్జరీ విభాగంవారు మార్గాలన్నీ ఓపికగా వివరించారు. గడ్డను కోసి చీము తీస్తే నొప్పి వెంటనే తగ్గినా అది దాదాపు తప్పకుండా తిరగబెడుతుందని (నాలుగుసార్లు కోయించుకున్నాక గాని నాకీ సంగతి తెలియలేదు), చర్మం కింది సొరంగాల పైకప్పును తీసివేసే డీరూఫింగ్ ఒకటి రెండు చోట్ల ఉన్న గడ్డలకు సరిపోతుందని, నా చంకకు మాత్రం దెబ్బతిన్న చర్మమంతా తొలగించడమే మేలని చెప్పారు. తొడ నుంచి తీసిన చర్మాన్ని అక్కడ అతికించారు. సర్జరీ తమ విభాగం పనే అయినా ఈ వ్యాధిలో వాపును అణిచే మందైన అడాలిముమాబ్ ఇంజెక్షన్ల సంగతి దాచలేదు. కట్టు మార్పించుకోవడానికి గంటలకొద్దీ నిరీక్షించవలసి రావడం, భుజం వ్యాయామాల గురించి ఆలస్యంగా చెప్పడం లోపాలే. ఇప్పుడు చెయ్యి పైకెత్తి తల దువ్వుకోగలుగుతున్నాను.