పదమూడు టైటిళ్ల గ్రీన్ బే ప్యాకర్స్: చరిత్రలో ఎన్నో స్థానం ఇవ్వాలి?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా గొప్ప జట్టు ఏదని అడిగితే గ్రీన్ బే ప్యాకర్స్ అభిమాని "మావి 13 టైటిళ్లు" అంటాడు. న్యూ ఇంగ్లండ్ ప్యాట్రియాట్స్ అభిమాని "మావి 6 సూపర్ బౌల్స్" అంటాడు. ఇద్దరి మాటా నిజమే. ఒకరు 1920లో మొదలైన ఎన్ఎఫ్ఎల్ అనే ప్రధాన లీగ్ చరిత్ర మొత్తం లెక్కేస్తున్నారు, మరొకరు 1967 జనవరిలో సూపర్ బౌల్ అనే ఇప్పటి ఫైనల్ మొదటిసారి జరిగిన దగ్గర్నుంచి. ర్యాంకుల పట్టికలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి అసలు కారణం ఇదే. కాబట్టి ముందు తూకంరాళ్లు సరిచూసుకోవాలి, తర్వాతే జట్టును తూచాలి.

సూపర్ బౌల్స్ మాత్రమే లెక్కేస్తే ప్యాకర్స్ ఖాతాలో 4 ఉన్నాయి: కాన్సస్ సిటీపై 35-10, ఓక్లండ్ రైడర్స్‌పై 33-14, న్యూ ఇంగ్లండ్‌పై 35-21, పిట్స్‌బర్గ్‌పై 31-25. అయిదుసార్లు ఆడి నాలుగు గెలిచింది. ప్యాట్రియాట్స్, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఆరేసి, డాలస్ కౌబాయ్స్, శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ అయిదేసి గెలిచాయి. ఈ పద్ధతిలో ప్యాకర్స్ స్థానం ఆ నాలుగింటి తర్వాతే. కానీ ఈ పద్ధతిలో పెద్ద లోపం ఉంది. 1961లో ప్యాకర్స్ న్యూయార్క్ జెయింట్స్‌ను 37-0తో చిత్తు చేసి టైటిల్ గెలిచింది. 1962లో మళ్లీ జెయింట్స్‌నే 16-7తో, 1965లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ను 23-12తో ఓడించింది. అదే కోచ్ విన్స్ లాంబార్డీ, దాడిని నడిపి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కూడా అదే బార్ట్ స్టార్. ఆ ఫైనల్స్‌కు సూపర్ బౌల్ అనే పేరు లేదన్న ఒక్క కారణంతో మూడింటినీ కొట్టేయడం అన్యాయం.

అలాగని పదమూడింటినీ సమానంగా లెక్కేయడమూ తప్పే. 1936లో లీగ్‌లో ఉన్నవి 9 జట్లు. 2010లో 32. తొమ్మిదిమందిలో మొదట నిలవడం, ముప్పై రెండుమందిలో మొదట నిలవడం ఒకటి కావు. అప్పట్లో ఆటగాళ్ల జీతాలకు పరిమితి లేదు, కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ తొలిసారి జరిగిందే 1936లో. అంతకుముందు మంచి ఆటగాడిని ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లదే.

మధ్యేమార్గం ఒకటుంది. కాగితం, పెన్సిల్ చాలు. ప్రతి టైటిల్‌కూ ఆ ఏడాది బరిలో ఉన్న జట్ల సంఖ్య వేయండి. అన్నీ కూడి, ఇప్పుడున్న 32తో భాగించండి. ఇవాళ్టి ఒక టైటిల్ విలువ 1 అయితే పాతవాటి విలువ ఎంతో తేలిపోతుంది.

ప్యాకర్స్‌తో మొదలుపెడదాం. 1929లో 12 జట్లు, 1930లో 11, 1931లో 10, 1936లో 9, 1939లో 10, 1944లో 10. కర్లీ లాంబో కోచ్‌గా ఉండగా గెలిచిన ఆరూ ఇవే, మొత్తం 62. లాంబార్డీ కాలంలో 1961, 1962, 1965 సీజన్లకు 14 చొప్పున 42. 1966, 1967 సీజన్లలో పోటీ లీగ్ ఏఎఫ్ఎల్ చాంపియన్‌ను కూడా ఓడించాల్సి వచ్చింది కాబట్టి ఆ 9 జట్లనూ కలపాలి: 24, 25. చివరగా 1996కి 30, 2010కి 32. అంతా కలిపితే 215. ముప్పై రెండుతో భాగిస్తే 6.7.

ఇదే లెక్క ప్యాట్రియాట్స్‌కు వేస్తే 191, అంటే సుమారు 6.0. స్టీలర్స్‌కు 172, అంటే 5.4. జెయింట్స్‌కు పాత టైటిళ్లు నాలుగు, సూపర్ బౌల్స్ నాలుగు కలిపి 165, అంటే 5.2. కౌబాయ్స్, ఫార్టీనైనర్స్ సరిసమానంగా 140 దగ్గర, 4.4తో ఆగాయి. తొమ్మిది టైటిళ్లున్న చికాగో బేర్స్‌కు నాలుగు కూడా రాదు, ఎందుకంటే వాళ్లవి ఎక్కువ భాగం 8, 10 జట్ల రోజుల్లోవి. పదమూడు దాదాపు సగానికి తగ్గినా ప్యాకర్సే ముందు నిలిచింది. పాత టైటిళ్లు తీసేస్తే ప్యాకర్స్‌కు ఏమీ మిగలదనే వాదన ఈ లెక్క ముందు నిలవదు.

అయితే 1929, 1930, 1931 టైటిళ్ల దగ్గర ఆగాలి. అప్పట్లో ఫైనల్ మ్యాచ్ అనేదే లేదు. సీజన్ ముగిసేసరికి గెలుపు శాతంలో ఎవరు ముందుంటే వాళ్లే చాంపియన్. 1929లో ప్యాకర్స్ 12 గెలిచి, ఒకటి డ్రా చేసుకుని, ఒక్కటీ ఓడలేదు. దానికి వంక పెట్టలేం. 1931 సంగతి వేరు. ప్యాకర్స్ 12 గెలిచి 2 ఓడింది, పోర్ట్స్‌మత్ స్పార్టన్స్ 11 గెలిచి 3 ఓడింది. సీజన్ చివర రెండు జట్లూ ఒక మ్యాచ్ ఆడాలని అనుకున్నారు, కానీ అది ఖాయంగా షెడ్యూల్‌లో లేదు. ప్యాకర్స్ ఆడనంది, లీగ్ దానికే టైటిల్ ఇచ్చింది. ఆడి ఓడి ఉంటే రెండు జట్లూ సమానమయ్యేవి. ఫైనల్ లేని టైటిళ్లకు సగం విలువే ఇవ్వడం సబబు. అలా చేస్తే ప్యాకర్స్ మొత్తం 198.5కు, అంటే 6.2కు దిగుతుంది. ఇదే నియమం జెయింట్స్ 1927 టైటిల్‌కూ వర్తిస్తుంది కాబట్టి వాళ్లదీ 5.0కు వస్తుంది. ఆ మూడింటినీ పూర్తిగా కొట్టేయాలని పట్టుబడితే ప్యాకర్స్ 5.7తో ప్యాట్రియాట్స్ వెనక్కి వెళ్తుంది. కానీ ఆనాటి నియమాల ప్రకారం ఆడి గెలిచినదాన్ని సున్నా చేయడం సరికాదు.

అంకెలకు అందనిది లాంబార్డీ జట్టు నాణ్యత. ఏడేళ్లలో అయిదు టైటిళ్లు, అందులో 1965 నుంచి వరసగా మూడు. ఆ జట్టు ఆయుధం ఒకే ఒక్క ఆట: స్వీప్. ముందు వరసలో ప్రత్యర్థులను అడ్డుకునే గార్డ్‌లు జెర్రీ క్రేమర్, ఫజ్జీ థర్స్టన్ ఇద్దరూ తమ చోట్లు వదిలి పక్కకు పరుగెత్తి దారి తుడుస్తారు, వెనక పాల్ హార్నంగ్‌గానీ జిమ్ టేలర్‌గానీ బంతి పట్టుకుని వస్తారు. ఎదురుగా ఉన్నవాళ్లకు ఏం రాబోతోందో తెలుసు, అయినా ఆపలేకపోయేవారు.

1967 డిసెంబర్ 31న డాలస్‌తో జరిగిన లీగ్ ఫైనల్ చూస్తే ఆ జట్టు దిటవు తెలుస్తుంది. గ్రీన్ బేలో ఆ మధ్యాహ్నం మైనస్ 25 డిగ్రీల సెల్సియస్. మైదానం కింద వేసిన విద్యుత్ తీగల వేడి పనిచేయలేదు. పైన కప్పిన పట్టా తీసేసరికి చెమ్మ గడ్డకట్టి నేల అద్దంలా తయారైంది. రిఫరీల లోహపు ఈలలు పెదవులకు అంటుకుపోతుంటే వాటిని పక్కనపెట్టి అరుపులతోనే ఆట నడిపారు. 4 నిమిషాల 50 సెకన్లు మిగిలుండగా ప్యాకర్స్ 14-17తో వెనకబడి, సొంత 32 యార్డ్ గీత దగ్గర బంతి అందుకుంది. ముందున్నది 68 యార్డులు. గోల్ గీత దాకా వచ్చాక డానీ ఆండర్సన్‌కు రెండుసార్లు బంతి ఇస్తే రెండుసార్లూ కాలు జారింది. 16 సెకన్లు మిగిలాయి, చివరి టైమౌట్ కూడా అయిపోయింది. ఫీల్డ్ గోల్ కొడితే, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్యకు తంతే, 3 పాయింట్లతో మ్యాచ్ సమమయ్యేది. గీత దాటలేకపోతే మరో ఆటకు సమయం చాలక ఓటమి ఖాయం. స్టార్ తానే బంతి పట్టుకుని వెళ్తానన్నాడు, లాంబార్డీ సరేనన్నాడు. క్రేమర్, సెంటర్ కెన్ బోమన్ కలిసి డాలస్ ఆటగాడు జెత్రో ప్యూను వెనక్కి నెట్టారు, ఆ సందులోంచి స్టార్ దూరాడు. 21-17. ఇంత పెద్ద మ్యాచ్‌లో, అలాంటి నేల మీద, అంత స్థిమితంగా తీసుకున్న నిర్ణయం ఈ ఆట చరిత్రలో బహు అరుదు.

ఆ వెంటనే వచ్చిన పతనం కూడా అంతే లోతైనది. 1968 నుంచి 1992 దాకా 25 సీజన్లలో ప్లేఆఫ్స్‌కు వెళ్లింది రెండేసార్లు, 1972లో, 1982లో. దీన్ని దురదృష్టం అని తప్పించుకోలేం. 1974లో కోచ్, జనరల్ మేనేజర్ రెండు పదవుల్లోనూ ఉన్న డాన్ డివైన్, 34 ఏళ్ల క్వార్టర్‌బ్యాక్ జాన్ హ్యాడల్ కోసం అయిదు డ్రాఫ్ట్ ఎంపికలు ధారపోశాడు: 1975వి మొదటి మూడు రౌండ్లు, 1976వి మొదటి రెండు. మరుసటి ఏడాది హ్యాడల్ గోల్ గీత దాటించే టచ్‌డౌన్ పాసులు 6 వేసి, 21 పాసులు ప్రత్యర్థుల చేతికిచ్చాడు. డివైన్ అయితే 1974 సీజన్ ముగియగానే వెళ్లిపోయాడు, అప్పు మాత్రం జట్టు నెత్తిన మిగిలింది. 1989 డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికగా టోనీ మాండరిచ్‌ను తీసుకున్నారు. మొదటి అయిదుగురిలో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరనివాడు అతనొక్కడే. అతని తర్వాత వరసగా వెళ్లినవాళ్లు బ్యారీ శాండర్స్, డెరిక్ థామస్, డియాన్ శాండర్స్.

కరవుకాలం లేని జట్టు లేదన్నది నిజమే. స్టీలర్స్ 1933లో పుట్టి మొదటి ప్లేఆఫ్ గెలుపు చూసింది 1972లో. ప్యాట్రియాట్స్ 1960లో మొదలై 2001 సీజన్ దాకా టైటిల్ ముఖం చూడలేదు. అయినా శిఖరం మీద ఉన్న జట్టు పాతికేళ్లు పాతాళంలో గడపడం పెద్ద మచ్చే. మార్కులు కోయాల్సిందే.

ఇక 1992 నుంచి 2022 దాకా నడిచిన బ్రెట్ ఫావ్ర్, ఆరన్ రాడ్జర్స్ కాలం. దీన్ని మామూలు విజయకథగా రాసేస్తారు, అక్కడే విమర్శకులు మెత్తబడుతున్నారు. ముప్పై ఒక్క సీజన్లు, ఇద్దరు దిగ్గజ క్వార్టర్‌బ్యాక్‌లు, ఫావ్ర్‌కు మూడు, రాడ్జర్స్‌కు నాలుగు ఎంవీపీ (సీజన్ అత్యుత్తమ ఆటగాడు) అవార్డులు. సూపర్ బౌల్స్ మాత్రం రెండే. మిగతావి ఎలా జారిపోయాయో చూడాలంటే 2015 జనవరి 18న సియాటిల్‌లో జరిగిన మ్యాచ్ చాలు. మొదటి క్వార్టర్‌లో రెండుసార్లు గోల్ గీతకు ఒక్క యార్డ్ దూరంలో ఉండి, టచ్‌డౌన్‌కు ప్రయత్నించకుండా ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకున్నారు. అయిదు నిమిషాలుండగా 19-7 ఆధిక్యం. బంతి దొరికిన మోర్గన్ బర్నెట్ ముందు ఖాళీ ఉన్నా అక్కడే కింద కూర్చున్నాడు. తర్వాత సియాటిల్ బంతిని తిరిగి దక్కించుకోవడానికి దగ్గరగా తన్నిన ఆన్‌సైడ్ కిక్ చేతికొచ్చి జారింది. చివరికి ఓవర్‌టైమ్‌లో 28-22తో ఓటమి. 2020 సీజన్‌లో టాంపా బేతో సొంత మైదానంలో ఇదే జబ్బు తిరగబెట్టింది: 8 పాయింట్లు వెనకబడి, రెండు నిమిషాలే మిగిలుండగా 8 యార్డ్ గీత దగ్గర నాలుగో డౌన్‌లో, అంటే చివరి ప్రయత్నంలో, ఫీల్డ్ గోల్ కొట్టారు. బంతి మళ్లీ చేతికి రాలేదు, 31-26. స్టార్‌కు గీత దాటమని చెప్పిన ఫ్రాంచైజీ ఇలా వెనకాడటం బాధ కలిగిస్తుంది.

ఫ్రాంచైజీగా చూస్తే మాత్రం ప్యాకర్స్‌కు సాటి లేదు. ఐపీఎల్‌లోలా ఒక కంపెనీయో కుటుంబమో యజమాని కాదిక్కడ. 1923 నుంచి ఆరుసార్లు షేర్లు అమ్మారు, ఇప్పుడు వాటాదారులు 5 లక్షల 37 వేలకు పైనే. చివరి అమ్మకం 2021లో మొదలై 2022లో ముగిసింది, అప్పుడు షేరు ధర 300 డాలర్లు. మళ్లీ అమ్మితే కొనాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: ఇది పెట్టుబడి కాదు. డివిడెండ్ రాదు, బయట అమ్ముకోలేరు, టికెట్లలో ప్రాధాన్యం ఉండదు. ఓటు హక్కు, గోడకు తగిలించుకునే పత్రం, అంతే. జనాభా లక్షా ఏడు వేలున్న ఊళ్లో ఇంత పెద్ద జట్టు బతికి ఉండటానికి ఇంకో కారణం టీవీ డబ్బు. 1960ల తొలినాళ్ల నుంచి ఆ ఆదాయాన్ని జట్లన్నీ సమానంగా పంచుకుంటున్నాయి. న్యూయార్క్‌కు ఎంతో గ్రీన్ బేకీ అంతే.

ప్యాకర్స్ సొంత మైదానం లాంబో ఫీల్డ్‌లో సీట్లు 81,441. సీజన్ టికెట్ల కోసం లక్షమందికి పైగా వరసలో ఉన్నారు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఒక్క మ్యాచ్ టికెట్ తిరిగి అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది. మిల్వాకీ నుంచి కారులో రెండు గంటలు, చికాగో నుంచి మూడున్నర. అక్కడి తెలుగువాళ్లు పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరొచ్చు. మైదానం చుట్టూ ఎక్కువగా లోహపు బెంచీలే, డిసెంబర్‌లో వెళ్తే కూర్చోవడానికి మెత్త, కాళ్ల కింద వేసుకోవడానికి అట్టముక్క తప్పనిసరి. చలి ముందు పట్టేది అరికాళ్లనే.

టైటిళ్ల తూకంలో ప్యాకర్స్ 6.2, ప్యాట్రియాట్స్ 6.0, స్టీలర్స్ 5.4. ఇంత తక్కువ తేడా ఉన్నప్పుడు తేల్చాల్సింది గెలుపులు ఎన్ని చేతుల మీదుగా వచ్చాయన్నదే. ప్యాట్రియాట్స్ ఆరూ ఒకే కోచ్ బిల్ బెలిచిక్, ఒకే క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ తెచ్చినవి. ప్యాకర్స్‌వి లాంబో, లాంబార్డీ, మైక్ హోమ్‌గ్రెన్, మైక్ మెకార్తీ అనే నలుగురు కోచ్‌ల కింద, 1929 నుంచి 2010 దాకా పరుచుకున్నవి. ఒక కాలపు జట్టును తూస్తే ఆ ఇరవై ఏళ్ల ప్యాట్రియాట్స్ ముందుంటాయి, ఫ్రాంచైజీని తూస్తే ప్యాకర్స్‌దే మొదటి స్థానం. ఇది చాలా పలచటి ఆధిక్యం. ప్యాట్రియాట్స్ ఇంకొక్క సూపర్ బౌల్ గెలిస్తే 7.0కు చేరతాయి, స్టీలర్స్ గెలిస్తే 6.4కు. ఆ రెండింటిలో ఏది జరిగినా ఈ వరస మార్చి రాయాలి.