ఆర్నమెంట్ అండ్ క్రైమ్ మాడ్యూల్‌లోని కార్డ్ సీక్వెన్సర్: రాగం తెలిసిన చెవికి పనికొస్తుందా?

విడి భాగాలను (మాడ్యూళ్లను) తీగలతో కలిపి వాయించే మాడ్యులర్ సింథసైజర్‌లో ఒక్క స్వరం పలికించడం తేలికే గాని, నాలుగు స్వరాలను కార్డ్‌గా కలిపి, ఆ కార్డ్‌లను లయ తప్పకుండా ఒకదాని వెంట ఒకటి నడిపించడం శ్రమతోనూ ఖర్చుతోనూ కూడిన పని. యూరోర్యాక్ అనే మాడ్యులర్ పద్ధతిలో ఒక ఆక్టేవ్‌కు (స్థాయికి) ఒక వోల్టు చొప్పున లెక్క, అంటే అరస్వరానికి సుమారు 83 మిల్లీవోల్టులు. కార్డ్‌లోని ప్రతి స్వరానికీ ఆ లెక్కన విడి వోల్టేజీ అందాలి. ఆర్నమెంట్ అండ్ క్రైమ్ మాడ్యూల్‌లో యాసిడ్ కర్డ్స్ అనే అప్లికేషన్ ఈ బాధ్యత తీసుకుంటుంది. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని మా ఇంట్లో కొంతకాలంగా దీన్ని వాడుతున్నాను.

ఇది ఓపెన్ సోర్స్ మాడ్యూల్. లోపల టీన్సీ అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ముందు అగ్గిపెట్టె కన్నా చిన్న తెర, నాలుగు ట్రిగ్గర్ (సంకేత పల్స్) ఇన్‌పుట్లు, నాలుగు సీవీ (నియంత్రణ వోల్టేజీ) ఇన్‌పుట్లు, నాలుగు అవుట్‌పుట్లు ఉంటాయి. యాసిడ్ కర్డ్స్‌లో 8 కార్డ్‌ల వరకు వరుసగా పేర్చుకోవచ్చు. ఒక్కొక్క కార్డ్ స్కేల్‌లోని ఏ స్వరంపై నిలవాలో, ఏ రకమైనదో, ఏ స్వరం కింద ఉండాలో, స్వరాల మధ్య ఎంత ఎడం ఉండాలో విడివిడిగా నిర్ణయించుకోవచ్చు. లయను నడిపే క్లాక్ పల్స్ అందగానే తర్వాతి కార్డ్ తాలూకు నాలుగు వోల్టేజీలు, ధ్వనిని పుట్టించే నాలుగు ఆసిలేటర్లకు చేరుతాయి.

దీని అసలు బలం కార్డ్‌ను కట్టే తీరులో ఉంది. మేజర్, మైనర్ అన్న సిద్ధమైన అచ్చులతో పని లేకుండా, మనం ఎంచుకున్న స్కేల్‌లో ఒక స్వరం విడిచి ఒక స్వరం తీసుకుని కార్డ్‌ను నిర్మిస్తుంది. స్కేళ్ల జాబితా మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి బ్రెయిడ్స్ అనే ఆసిలేటర్ మాడ్యూల్ నుంచి వచ్చింది కనుక అందులో హిందుస్తానీ పేర్లు చాలానే కనిపిస్తాయి: మన కల్యాణి కోసం యమన్‌ను, మాయామాళవగౌళ కోసం భైరవ్‌ను, ఖరహరప్రియ కోసం కాఫీని ఎంచుకోవాలి. దొరికేది స్వరస్థానాలే గాని రాగసంచారం కాదని సంగీతం నేర్చినవారికి వేరే చెప్పనక్కరలేదు.

మాయామాళవగౌళలో స-గ-ప ఎలాగూ మేజర్ కార్డే. దానికి అరస్వరం పైనున్న శుద్ధ రిషభం మీద కట్టిన రి-మ-ధ కూడా మేజరే అవుతుంది. పాశ్చాత్య పద్ధతిలో ఇంటికి చేర్చే పంచమ కార్డ్ ఇక్కడ ప-ని-రి అవుతుంది. రిషభం శుద్ధమైనందువల్ల దానికి పట్టు చాలదు. రి-మ-ధ నుంచి స-గ-పకు వచ్చినప్పుడు మాత్రం మూడు స్వరాలూ ఒకేసారి అరస్వరం కిందికి దిగి కుదురుకుంటాయి. ఈ ఒక్క కదలిక కోసమైనా మాడ్యూల్ కొనవచ్చునని నా అభిప్రాయం. మోహన స్వరాలైన పెంటటోనిక్ మేజర్‌లో మరో వింత ఎదురవుతుంది: రి-ప-స, గ-ధ-రి, ధ-రి-ప అనే మూడు కార్డ్‌లలో స్వరాల మధ్య దూరం షడ్జం నుంచి శుద్ధ మధ్యమానికి ఉన్నంత ఉంటుంది కాబట్టి అవి దుఃఖం గాని ఉల్లాసం గాని పలకక, గాలిలో వేలాడినట్టు వినిపిస్తాయి.

భైరవ్ స్కేల్‌లో గాంధారం, ఆక్టేవ్‌ను పన్నెండు సమభాగాలు చేసే సమశ్రుతిలోని 400 సెంట్ల (అరస్వరానికి 100 సెంట్లు) వద్ద కాక, సహజమైన 386 సెంట్ల దగ్గర ఉంటుంది. మధ్య సి, అంటే 261.6 హెర్ట్జ్, షడ్జంగా పెట్టి సా-టూత్ తరంగాలతో సమశ్రుతిలో స-గ వాయిస్తే సెకనుకు దాదాపు పది విస్పందనాలు (ధ్వని పెరిగి తగ్గే అలలు) చెవికి తగులుతాయి. భైరవ్‌కు మార్చగానే అవి దాదాపు అణగి, కార్డ్ నిశ్చలంగా నిలుస్తుంది.

అయితే అందుకు ఆసిలేటర్లు సహకరించాలి. అనలాగ్ ఆసిలేటర్‌లో తగిన దిద్దుబాటు లేకపోతే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారినప్పుడు వోల్టుకు ఆక్టేవ్ లెక్క సుమారు 0.33 శాతం తప్పుతుంది. మూల స్వరానికి మూడు ఆక్టేవ్‌ల పైన అది 12 సెంట్ల అపశ్రుతి. మే నెలలో మా గదిలో ఏసీ వేసినప్పుడూ ఆపినప్పుడూ నాలుగు ఆసిలేటర్లు నాలుగు దారులు పడతాయి కనుక, మన ఊరివారు కార్డ్‌ల కోసం డిజిటల్ ఆసిలేటర్లు కొనడమే మేలు. ఉప్పుగాలికి జాక్‌లు తుప్పు పట్టకుండా ర్యాక్‌పై గుడ్డ కప్పి ఉంచడం కూడా తప్పదు.

విశాఖ దుకాణాలలో కీబోర్డులు, గిటార్లు దొరికినంత సులువుగా ఇవి దొరకవు. వేరే ఊరి నుంచి ఒకరు తయారుచేసి పంపిన నా మాడ్యూల్ కాలిబ్రేషన్ (వోల్టేజీల సరిచూత) లేకుండానే చేరింది. ఆ పని మనమే చేసుకోవచ్చు గాని, ద్వారకానగర్‌లో కొన్న మామూలు మల్టీమీటర్ 20 వోల్టుల స్థాయిలో 10 మిల్లీవోల్టుల తేడా మాత్రమే చూపగలదు, అది 12 సెంట్లతో సమానం. ఇంకా సూక్ష్మంగా కొలిచే మీటర్ ఎరువు తెచ్చుకోవలసి వచ్చింది.

తెర చిన్నది, మెనూలు లోతైనవి. కచేరీ మధ్యలో ఒక కార్డ్ రకం మార్చాలంటే నాబ్ తిప్పుతూ వెతకాలి, అప్పటికి ఆవర్తం దాటిపోతుంది. ముందే పేర్చుకుని వాయించేవారికి ఇది ఇబ్బంది కాదు. నాలుగు ఆసిలేటర్లు కొనే స్తోమత లేనివారు మ్యూటబుల్ వారి మరో ఆసిలేటర్ మాడ్యూల్ ప్లెయిట్స్‌లోని కార్డ్ మోడ్ చూడవచ్చు. ఒకే అవుట్‌పుట్ నుంచి కార్డ్ మొత్తం వస్తుంది గాని, అందులో ఈ రాగాల వెసులుబాటు ఉండదు, స్వరాలు విడివిడిగా చేతికి రావు.

స్వరాలు విడిగా అందడం వల్ల ఒక సదుపాయం ఉంది. వోల్టేజీని స్కేల్ స్వరాలకు సరిచేసే క్వాంటైజర్ స్వరం నుంచి స్వరానికి దూకుతుంది కనుక గమకం దానంతట అది రాదు. మూడు అవుట్‌పుట్లను అలాగే వదిలి, ఒక్కదాని దారిలో వోల్టేజీ మార్పును నెమ్మది చేసే స్లూ లిమిటర్ పెడితే, రి-మ-ధ నుంచి స-గ-పకు దిగేటప్పుడు మధ్యమం ఒక్కటే గాంధారంలోకి మెల్లగా జారుతుంది, తక్కినవి వెంటనే చేరిపోతాయి. జారుడు మరీ నెమ్మదిగా పెడితే తర్వాతి క్లాక్ పల్స్ వచ్చే వేళకు గాంధారం ఇంకా చేరకుండానే ఉంటుంది, కాబట్టి ఆ నాబ్‌ను తాళం వేగాన్ని బట్టి సరిచూసుకోవాలి.