పజిల్ వస్తే ఆగి పిలిస్తే చాలు: ప్లేరైట్‌తో నా ఆరు నెలలు

మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో టెస్టర్‌ని. రాత్రి సైట్‌ని తనంతట తానే పరీక్షించే ఆటోమేషన్ రన్ పెట్టేసి ఇంటికి పోవడం, పొద్దున వచ్చి రిపోర్ట్ చూడటం, ఇదే పని. ఒకరోజు వచ్చి చూస్తే లాగిన్ తర్వాతి టెస్ట్ కేసులన్నీ ఎర్రగా ఉన్నాయి, అంటే ఫెయిల్, అన్నింటికీ ఒకటే కారణం, టైమౌట్, అంటే ఎదురుచూసే గడువు, 30 సెకన్లు దాటింది అని. డెవలపర్ బటన్ పేరు మార్చి ఉంటాడనుకుని అతని మీదికి వెళ్లాను, "నేనేం ముట్టుకోలేదన్నా" అంటాడు, నేను వినను, మధ్యాహ్నం దాకా అదే లొల్లి. తీరా స్క్రీన్‌షాట్ తెరిస్తే పేజీ మధ్యలో తొమ్మిది గళ్ల బొమ్మ ఒకటి కూర్చుని ఉంది, ఫైర్ హైడ్రెంట్లు ఉన్నవి ఎంచుకోమని. వచ్చింది మనిషో రోబోనో తేల్చుకోవడానికి సైట్లు పెట్టే పజిల్, క్యాప్చా అంటారు. నిజానికి రన్‌లో జరిగిందంతా రాసిపెట్టే లాగ్‌లో కింద ఉంది ఆ సంగతి, ఏదో పొర క్లిక్‌కి అడ్డొస్తోందని. అంత కిందికి చదివితే కదా.

ఇంతకీ ఫైర్ హైడ్రెంట్ ఏంటండీ? మంటలార్పే బండికి నీళ్లిచ్చే కుళాయట. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ దాకా రోజూ బండి మీద తిరిగేవాణ్ణి, ఇన్నేళ్లలో రోడ్డు పక్కన ఒక్కటి కంటపడలేదు. జీబ్రా క్రాసింగులంటారా, మన దగ్గర గీతలు సగం అరిగిపోయి ఉంటాయి, మిగిలిన సగం మీద బండ్లు ఆగి ఉంటాయి. ఆటోలున్న గళ్లు నొక్కమంటే మాత్రం కళ్లు మూసుకుని నొక్కేస్తాం, అది అడగరు.

సరే, అసలు విషయం. నాకు కావలసింది పజిల్‌ని విప్పే టూల్ కాదు. డబ్బులు తీసుకుని విప్పిపెట్టే సర్వీసులు ఉన్నాయని తెలుసు, కానీ మా సైట్‌కి తాళం మేమే వేసుకుని దాన్ని మేమే పగలగొట్టుకోవడం ఏం తెలివి, ఇక వేరేవాళ్ల సైట్‌లో ఆ పని చేయడం గురించి మాట్లాడనే అక్కర్లేదు. బొమ్మ వచ్చిందని గుర్తుపట్టాలి, ఆగాలి, మనిషిని పిలవాలి. అంతే.

దీనికి ప్లేరైట్ వాడుతున్నాను, మనం రాసిన స్క్రిప్ట్ ప్రకారం బ్రౌజర్‌ని నడిపే టూల్. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2020లో బయటపెట్టారు, పైసా ఖర్చు లేదు. అంతకుముందు ఇలాంటిదే సెలీనియం వాడేవాణ్ణి, అది కూడా మంచిదే, కాకపోతే ఈ బొమ్మల పజిల్ ఐఫ్రేమ్‌లో, అంటే పేజీలోపల ఇంకో చిన్న పేజీలో, ఉంటుంది కాబట్టి ప్రతిసారీ లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రావడం, రావడం మర్చిపోతే తర్వాతి లైన్లన్నీ కూలడం, అదో కిరికిరి. ఇక్కడ ఫ్రేమ్ లొకేటర్ అని ఉంది, బయట నుంచే లోపలున్నది చూడొచ్చు.

ఒకటి ముందే చెప్తున్నా, ఇన్‌స్టాల్ చేయగానే క్యాప్చాని గుర్తుపట్టేస్తుందని అనుకోకండి. అలాంటి బటనేం లేదు. 1.42 వెర్షన్‌లో యాడ్ లొకేటర్ హ్యాండ్లర్ అనే ఫంక్షన్ వచ్చింది. ఫలానాది పేజీ మీద కనిపిస్తే ముందు ఈ పని చేయి, తర్వాతే నీ క్లిక్ అని చెప్పి పెట్టుకోవచ్చు. కుకీల పాపప్ లాంటివాటి కోసం పెట్టినట్టుంది, మనకి ఇక్కడ బాగా పనికొస్తుంది. అలా చెప్పిపెట్టిన పనినే హ్యాండ్లర్ అంటారు. నా హ్యాండ్లర్ స్క్రీన్‌షాట్ తీసి, నా ఫోన్‌కి మెసేజ్ పంపి, పజిల్ పోయేదాకా ఎదురుచూస్తుంది.

మొదటి వారం దొంగ అలారాలతో చచ్చాను. పజిల్ లేకపోయినా మెసేజ్, అరగంటలో ఇరవై వచ్చాయి ఒకసారి. కారణం ఏంటంటే గూగుల్ వాళ్ల క్యాప్చా, అదే రీక్యాప్చా, దాని రెండో వెర్షన్ పేజీలో రెండు ఐఫ్రేములు పెడుతుంది, ఒకటి 'నేను రోబోని కాదు' అనే పెట్టె, రెండోది బొమ్మల గళ్లది. ఈ రెండోది అవసరం రాకముందే పేజీలో దాక్కుని ఉంటుంది, స్క్రీన్‌కి ఎక్కడో పైన, కనపడకుండా. నేనేమో ఐఫ్రేమ్ ఉందా లేదా అని లెక్కపెట్టేవాణ్ణి, ఎప్పుడూ ఉంటుంది మరి. ఉందా అని కాదు, కనిపిస్తోందా అని అడగాలి. ఆ ఒక్క లైన్ మార్చాక ఫోన్ ప్రశాంతంగా ఉంది. గళ్లు కూడా లెక్కపెడితే ఏ రకమో తెలుస్తుంది, తొమ్మిదైతే విడివిడి ఫోటోలు, పదహారైతే ఒకే ఫోటోని ముక్కలు చేసింది.

ఇక లోటుపాట్లు. స్క్రిప్ట్ ఏదైనా క్లిక్ చేయబోయినప్పుడో, ఏదైనా కనిపిస్తుందా అని చెక్ చేస్తున్నప్పుడో మాత్రమే హ్యాండ్లర్ లేస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు బొమ్మ వస్తే దానికి పట్టదు. ఇంకోటి, హ్యాండ్లర్ తీసుకున్న టైం కూడా ఆ క్లిక్ టైమౌట్‌లోనే కలుస్తుంది. నేను కిందికి చాయ్‌కి వెళ్లి, మెసేజ్ చూసి, లిఫ్ట్ కోసం నిలబడి పైకి వచ్చేసరికి 30 సెకన్లు ఎప్పుడో అయిపోయేవి. ఇప్పుడు ఆ లాగిన్ కేసులకి మాత్రం ఐదు నిమిషాలు పెట్టాను. రాత్రి రన్‌లో మనిషే ఉండడు కాబట్టి అక్కడ ఎదురుచూడటం దండగ, ఫెయిల్ అనకుండా 'పజిల్ అడ్డొచ్చింది' అని విడిగా రాయించి వదిలేస్తున్నా. పగలు నడిపేటప్పుడు బ్రౌజర్ విండో కనిపించేలా పెట్టుకోవడం మర్చిపోకండి, మామూలుగా అది తెర వెనకే నడుస్తుంది, కనపడని బొమ్మని ఎక్కడ నొక్కుతారు?

వంకరటింకర అక్షరాల బొమ్మ పెట్టే పాత సైట్ల దగ్గర ఇదంతా పనిచేయదు. అక్కడ ఐఫ్రేమ్ ఉండదు, మామూలు ఫోటో, పక్కన ఒక ఖాళీ పెట్టె, ఒక రిఫ్రెష్ గుర్తు. ఒక్కో సైట్‌కి ఒక్కో రూల్ రాసుకోవాల్సిందే. 2018లో వచ్చిన రీక్యాప్చా మూడో వెర్షన్‌లో అయితే బొమ్మే లేదు, మనకి 0 నుంచి 1 దాకా మార్కులేసి వెనకనుంచి సైట్‌కి చెప్తుంది, కాబట్టి గుర్తుపట్టడానికి ఏమీ ఉండదు.

మీరు టెస్ట్ చేసేది మీ సొంత సైటే అయితే ఇంత దూరం రాకముందే ఒక పని చేయండి. రీక్యాప్చా రెండో వెర్షన్‌కి గూగుల్ వాళ్లే టెస్ట్ కీలు ఇస్తారు, సైట్‌లో మామూలు కీల బదులు అవి పెడితే బొమ్మ రాదు, అన్నీ పాసవుతాయి. మా డెవలపర్‌కి ఈ మాట చెప్తే "మొదటిరోజు నా మీదికి వచ్చే బదులు ఇదే అడిగితే అయిపోయేది కదన్నా" అన్నాడు. టెస్ట్ సర్వర్‌లో ఇప్పుడు అవే ఉన్నాయి. ప్రొడక్షన్ మీద, అంటే జనం వాడే అసలు సైట్ మీద, రోజుకోసారి నడిపే నాలుగు కేసులకి మాత్రం నా హ్యాండ్లర్ ఉంది, నిన్న కూడా పిలిచింది, ఈసారి బస్సులు.