కర్నూలు నుంచి హైదరాబాద్ కామిక్ కాన్‌కు ఒక్క రోజు: ఇద్దరు పోతే వేషం ఒకరికే

తీర్పు ముందే చెప్పేస్తే చాలామందికి పని తప్పుతుంది. అనిమే (జపాన్ యానిమేషన్) అంటే పడిచచ్చే ఇద్దరు స్నేహితులు కర్నూలు నుంచి ఒక్క రోజు పాసు కొనుక్కొని కామిక్ కాన్‌కు పోవడం గిట్టుబాటే. ఇద్దరూ కాస్ప్లే, అంటే పాత్రల వేషాలు, కట్టి పోతే మాత్రం గిట్టదు. ఒకరికి వేషం, ఇంకొకరికి మామూలు బట్టలు, మంచి బూట్లు, భుజాన సంచి. ఇలా పోయినవాళ్లకే రోజు దక్కుతుంది. ఇద్దరూ వేషంలో ఉంటే నీళ్ల సీసా పట్టేవాడు ఉండడు, ఫొటో తీసేవాడు ఉండడు, ఊడిన భుజకవచం అతికించేవాడూ ఉండడు.

ఇది అచ్చంగా అనిమే పండగ కాదని తెలిసి పోవాలి. కామిక్ కాన్ ఇండియా 2011లో ఢిల్లీలో మొదలైంది కామిక్స్ కోసం. ఇప్పుడు సూపర్‌హీరోలు, గేమింగ్, స్టాండప్ కామెడీ అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. అనిమే వాళ్లకు పనికొచ్చేవి మూడే: కాస్ప్లే జరిగే చోటు, బొమ్మలు గీసేవాళ్ల టేబుళ్లు, మాంగా (జపాన్ కామిక్స్) స్టాళ్లు. హైదరాబాద్‌లో మాదాపూర్ పక్కన హైటెక్స్ ప్రదర్శన కేంద్రంలో పెడతారు. 2024లో నవంబరు 15 నుంచి 17 దాకా, 2025లో అక్టోబరు 31 నుంచి నవంబరు 2 దాకా జరిగింది. రెండుసార్లూ శుక్ర, శని, ఆదివారాలే. వేళలు మామూలుగా ఉదయం 11 నుంచి రాత్రి 8.

ఏ రోజు? సెలవు పెట్టగలిగితే శుక్రవారం. శనివారం గుంపు విపరీతం, ఫొటోల్లో వెనక మనుషులు లేని చోటు దొరకదు. ఆదివారం సాయంత్రం కొన్ని స్టాళ్లలో బేరం కుదురుతుంది. కానీ మంచి సైజు టీషర్టులు, పేరున్న మాంగా మొదటి సంపుటాలు అప్పటికి అయిపోయి ఉంటాయి. పాసుల్లో ఖరీదైన సూపర్‌ఫ్యాన్ రకం ఒక్క రోజుకు పోయేవాళ్లకు అనవసరం. అందులో ఇచ్చే పెట్టె ఇంట్లో షెల్ఫు మీద బాగుంటుంది గానీ, దాన్ని చంకలో పెట్టుకొని తొమ్మిది గంటలు తిరగడం శిక్ష. ఒక్క రోజు పాసు ఆన్‌లైన్‌లో ముందే కొని, క్యూఆర్ కోడ్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. గేటు దగ్గర వేలమంది ఒకేసారి ఫోన్లు తీస్తే నెట్ నడవదు.

ప్రయాణం లెక్క సూటిగా ఉంటుంది. కర్నూలు నుంచి హైదరాబాద్ దాదాపు 210 కిలోమీటర్లు, 44వ జాతీయ రహదారి. పుల్లూరు టోల్, కొత్తకోట, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌కు బస్సులో నాలుగున్నర నుంచి ఐదు గంటలు. తెల్లవారి నాలుగున్నర లోపల కొత్త బస్టాండులో బస్సెక్కితే తొమ్మిదిన్నరకు దిగుతారు. ఎంజీబీఎస్‌లో మియాపూర్ వైపు పోయే మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి, రాయదుర్గం వైపు పోయేది పట్టుకొని హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగాలి. అంతా ముప్పావు గంట. అక్కడినుంచి ఆటో. స్టేషన్ మెట్ల దగ్గర ఆటోవాళ్లు ఆ రోజు రేటు పెంచేస్తారు. నూరడుగులు ముందుకు నడిచి యాప్‌లో బుక్ చేస్తే తగ్గుతుంది. పదిన్నరకు వరుసలో నిలబడితే పదకొండున్నరకు చేతికి పట్టీ పడుతుంది. ఆరున్నర బస్సెక్కినవాళ్లకు లోపలికి పోయేసరికే మధ్యాహ్నం దాటుతుంది, పాసు డబ్బుల్లో పావు వంతు అక్కడే పోయినట్టు.

ఇక వేషం. తొలిసారి పోయేవాళ్లకు కవచాలు, రెక్కలు వద్దు. గుడ్డతో అయ్యేది ఎంచుకోండి. ఆకుపచ్చ నలుపు గళ్ల హావోరీ (ముందు తెరిచి ఉండే జపాన్ కోటు) గానీ, ఎర్ర మబ్బుల నల్ల కోటు గానీ ఇప్పటికీ ఎక్కడ నిలబడినా గుర్తుపడతారు. ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ హావోరీ పలచని పాలిస్టరు. ఫ్లాష్ పడితే చమక్కుమని మెరుస్తుంది, లోపల చెమట ఇంకదు. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల గుడ్డల అంగళ్లలో టెర్రీకాటన్ తీసుకుంటే దానికంటే ఎంతో నయం. 44 అంగుళాల పన్నా గుడ్డయితే పెద్ద మనిషికి నాలుగు మీటర్లు పడుతుంది. గళ్లు అచ్చు వేసిన గుడ్డ దొరక్కపోతే ఆకుపచ్చ గుడ్డ మీద మూడంగుళాల నల్ల చదరాలు ఫ్యాబ్రిక్ పెయింటుతో వేయండి. అంచులకు మాస్కింగ్ టేపు అతికించి, దాని అంచును గోరుతో గట్టిగా రుద్దితేనే రంగు కిందకి పాకదు. ఆరాక గుడ్డను తిరగేసి ఇస్త్రీ చేస్తే రంగు నిలుస్తుంది.

టైలరు దగ్గరే అసలు చిక్కు. హావోరీ అని చెప్తే ఆయన చేతికి అలవాటైన చొక్కా కుట్టేస్తాడు. చంక దగ్గర గుండ్రంగా కత్తిరించి, భుజం మీద అతుకు పెట్టి, ముందు గుండీలు కూడా పెట్టి ఇస్తాడు. చెప్పాల్సిన మాట ఇదీ: ‘అన్నా, చంక కత్తిరించొద్దు. ఒళ్లూ చేతులూ రెండూ సూటి గుడ్డలే, పరిస్తే టీ అక్షరం లాగ ఉండాల. భుజం కుట్టు కిందికి జారి ఉండాల. మెడ పట్టీ రెండున్నర అంగుళాలు, కింది దాకా ఒకే పట్టీ. గుండీలు వద్దు.’ మాటతో పాటు న్యూస్‌పేపరు కత్తిరించి చూపిస్తే ఒక్క సారికే అర్థమవుతుంది. చెయ్యి వెడల్పు పదిహేను అంగుళాల దాకా పెట్టుకోండి. తగ్గితే నైటీ మీద వేసుకునే కోటులాగ కనిపిస్తుంది.

కత్తి లేకపోతే వేషం నిండదు. లోహం ఏదీ లోపలికి రానివ్వరు, గేటు దగ్గర ఆయుధాల తనిఖీ ఉంటుంది. మెట్రోలోనూ బ్యాగు స్కానర్ ఉంది, అందులో ఇనుప రాడ్డు నీడ కత్తి నీడలాగే కనబడుతుంది. అందుకే నడుమ అరంగుళం పీవీసీ పైపు, చుట్టూ ఈవీఏ ఫోము. ఈ ఫోము కోసం పెద్ద నగరాలకు ఆర్డరు పెట్టక్కర్లేదు. చెప్పుల సామాను అమ్మే అంగళ్లలో సోలు షీటు అని అడిగితే దాదాపు అదే దొరుకుతుంది. అలుగుకు 10 మిల్లీమీటర్లు, పిడి చుట్టూ 5 మిల్లీమీటర్లు చాలు. యోగా మ్యాటు కొనొద్దు, అది వేరే పదార్థం కావచ్చు. అలాంటిదైతే వేడి తగిలిస్తే ముడుచుకుంటుంది, రంగు పెచ్చులూడుతుంది.

అతికించడంలో నూటికి తొంభై మంది ఒకటే తప్పు చేస్తారు. జిగురు పూసిన వెంటనే రెండు ముక్కలూ నొక్కేస్తారు. చెప్పులవాళ్లు వాడే సొల్యూషన్, లేదా ఫెవికాల్ ఎస్ఆర్ 998, రెండు వైపులా పలచగా పూసి పది పదిహేను నిమిషాలు వదిలేయాలి. వేలు పెడితే అంటకుండా, కొంచెం లాగినట్టు అనిపించినప్పుడు కలిపితే ఇక ఊడదు. తడిగా ఉన్నప్పుడు కలిపితే లోపలి ద్రావకం ఆవిరి కావడానికి దారి ఉండదు, మెత్తగానే ఉండిపోయి మధ్యాహ్నానికి నోరు తెరుస్తుంది. తెల్ల ఫెవికాల్ ఫోముకు పట్టదు. ఫెవిక్విక్ పట్టుకుంటుంది గానీ అతుకు గట్టిపడి, వంచగానే పగులుతుంది. దాన్ని అక్కడికక్కడ రిపేరుకు మాత్రం ఉంచుకోండి. రంగు వేసే ముందు హీట్ గన్ పైపైన తిప్పాలి. ఫోము మీద మెరుపు వచ్చిందంటే రంధ్రాలు మూసుకున్నట్టు. ఇది చేయకపోతే ఎన్ని పూతలు వేసినా రంగును తాగేస్తూనే ఉంటుంది.

కత్తి పొడవు మీటరు. బస్సులో పెట్టాలంటే పైపును పిడి దగ్గర కోసి, మధ్యలో ప్లంబర్లు వాడే కప్లింగు పెట్టుకుంటే రెండు ముక్కలవుతుంది. దాన్ని బస్సు డిక్కీలో మాత్రం వేయొద్దు. ఎండకు రేకు కాగితే సొల్యూషన్ అతుకు మెత్తబడుతుంది, పైన ఎవరిదో బియ్యం మూట పడుతుంది. కాళ్ల దగ్గర పెట్టుకోండి.

విగ్గు ఇంట్లోనే సిద్ధం చేసుకోవాలి. వేడి తట్టుకునే పీచు అని రాసి ఉన్నదే కొనండి. ముళ్లలాగ నిలబెట్టాలంటే ఒక్కో పాయకూ హెయిర్ స్ప్రే కొట్టి, డ్రయ్యర్ వేడి తగిలించి, చల్లారే దాకా వేళ్లతో పట్టుకొని ఉండాలి. పీచు వేడికి మెత్తబడి, చల్లారేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే అలాగే నిలుస్తుంది. చల్లారకముందే వదిలేసి మళ్లీ స్ప్రే కొట్టడం వల్లే అది జిడ్డు కట్టి వంగిపోతుంది. బస్సులో దాన్ని తలకు పెట్టుకొని నిద్రపోవద్దు. కాటన్ సంచిలో బెలూను ఊది, దాని మీద తొడిగి తీసుకుపోండి. ప్యాంటు, లోపలి చొక్కా ఇంటి దగ్గరే వేసుకొని, హావోరీ, విగ్గు మాత్రం అక్కడ వేసుకుంటే మరుగుదొడ్డి దగ్గర వరుసలో అరగంట మిగులుతుంది.

మామూలు బట్టల్లో ఉన్న స్నేహితుడి సంచిలో ఉండాల్సినవి: పిన్నీసులు ఒక అట్ట, డబుల్ టేపు, ఫెవిక్విక్, నల్లదారం ఎక్కించిన సూది, బ్యాండ్ ఎయిడ్, పవర్ బ్యాంకు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, వంద రూపాయల నోట్లు. నోట్లు ఎందుకంటే హాలు లోపల మధ్యాహ్నం యూపీఐ తిరుగుతూనే ఉంటుంది, అప్పుడు వెనక నిలబడినవాడు డబ్బిచ్చి మీకు నచ్చిన ప్రింటు పట్టుకుపోతాడు. విగ్గు కింద తల ఉడికిపోతుంది, గంటకోసారి తీసి ఐదు నిమిషాలు గాలి తగలనివ్వాలి. దాహం వేసిందని చెప్పే దాకా ఆగకుండా నీళ్లు పట్టించడం కూడా ఆ స్నేహితుడి పనే. తిండి లోపలే కొనాలి, ధర ఎక్కువ, ఒంటి గంట నుంచి రెండున్నర దాకా వరుస పెద్దది. దార్లో బస్సు ఆగినప్పుడు కడుపు నిండా టిఫిన్ తినేసి, మళ్లీ మూడు తర్వాత తినడం మేలు. వేకువన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ మాత్రం ఆ రోజుకు వద్దు. ఐదు గంటల బస్సు, ఆపైన బిగుతైన నడికట్టు, బజ్జీ ఊరుకోదు.

కొనడంలో జాగ్రత్త బొమ్మల దగ్గరే. నకిలీ ఫిగరు (పాత్ర ప్లాస్టిక్ బొమ్మ) పెట్టె మీద అచ్చు మసకగా ఉంటుంది, తయారీ కంపెనీ పేరు, కాపీరైట్ గుర్తు ఉండవు, తెరిస్తే ప్లాస్టిక్ కంపు కొడుతుంది. కళ్ల రంగు గీత దాటి ఉంటుంది. అసలైనవి ఆన్‌లైన్‌లోనూ అదే ధరకు దొరుకుతాయి, అంత దూరం నుంచి మోసుకురావడానికి కారణం లేదు. మాంగా కూడా అంతే, స్టాల్‌లో తగ్గింపు ఉంటే తప్ప. డబ్బు పెట్టాల్సింది గీసేవాళ్ల టేబుళ్ల దగ్గర. అక్కడి ప్రింట్లు, స్టిక్కర్లు మామూలు అంగళ్లలో దొరకవు, గీసిన మనిషే ఎదురుగా కూర్చొని సంతకం పెట్టి ఇస్తారు. ఏ3 ప్రింటు మడత పడకుండా ఇల్లు చేరాలంటే కర్నూల్లోనే గుడ్డల అంగట్లో తాను చుట్టే అట్ట గొట్టం ఒకటి అడిగి తీసుకోండి. ఊరికే ఇస్తారు. పోయేటప్పుడు అందులో కత్తి అలుగు, వచ్చేటప్పుడు ప్రింట్లు.

ఫొటోలు హాలు లోపల బాగా రావు. పై లైట్లకు కళ్ల కింద నీడ పడుతుంది, విగ్గు వల్ల అది రెట్టింపు. బయట నాలుగు నుంచి ఐదున్నర మధ్య గోడ నీడలో తీయండి, ఫోను ఛాతీ ఎత్తులో పట్టుకుంటే మనిషి నిండుగా కనబడతాడు. ఇతరుల ఫొటో తీయాలంటే అడిగి తీయండి. విగ్గు ముట్టుకోవడం, కత్తి లాక్కొని చూడడం వద్దు, ఆడపిల్లల భుజం మీద చెయ్యి వేసి నిలబడడం అసలే వద్దు.

కామిక్ కాన్‌లో జరిగే వేషాల పోటీ ఇండియన్ చాంపియన్‌షిప్ ఆఫ్ కాస్ప్లేలో మాంగా, అనిమేకు విడి విభాగం ఉంది. దేశం మొత్తం మీద గెలిచినవాళ్లను షికాగోలో జరిగే పోటీకి పంపిన ఏళ్లున్నాయి. కొన్న వేషంతో ఈ పోటీలో నెగ్గడం కష్టం, పనితనం చూస్తారు. పోటీకి దిగితే తయారీ దశల ఫొటోలు ఫోన్‌లో ఉంచుకోండి. కానీ పేరు నమోదు, జడ్జీలు ముందుగా వేషం చూడడం, వేదిక ఎక్కడం, ఫలితం కలిపితే మధ్యాహ్నం మొత్తం దానికే పోతుంది. ఒక్క రోజుకు వచ్చి అది కూడా పెట్టుకుంటే మీ స్నేహితుడు కుర్చీలో కూర్చొనే ఉండిపోతాడు. ఆ విషయం బస్సెక్కకముందే మాట్లాడుకోండి.

వేదిక కార్యక్రమాలకు నా మార్కులు తక్కువ. వెనక నిలబడితే మాట వినబడదు. గీసేవాళ్ల టేబుళ్లకు పదికి తొమ్మిది, తిండికి నాలుగు.

ఆరున్నరకు బయటపడితే ఎనిమిదిన్నరకు ఎంజీబీఎస్. అనంతపురం, కడప, తిరుపతి, బెంగళూరు పోయే బస్సులు కర్నూలు మీదుగానే పోతాయి గనుక రాత్రంతా ఏదో ఒకటి దొరుకుతుంది. వాటిలో చాలావరకు రిజర్వేషన్‌వే, శనివారం రాత్రి సీటు ముందే పట్టుకోవాలి. ఎక్కేముందు విగ్గు తీసి సంచిలో పెట్టండి, హావోరీ విప్పి మడవండి. ఇంటికి చేరాక విగ్గును చల్లటి నీళ్లలో చెంచాడు షాంపూ వేసి ముంచి తీసి, పిండకుండా టవల్ మీద పరిచి ఆరబెట్టాలి. తడిగా ఉన్నప్పుడు దువ్వితే పీచు సాగి ఊడుతుంది, ఆరాకే దువ్వెన.