మాటల్లేని మెకార్ట్నీయా, గొంతులేని ఫెర్రీయా?

బీటిల్స్ పాల్ మెకార్ట్నీ ఆల్బమ్ 'రామ్' ఊసెత్తినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు: "దాని వాద్యరూపం 'థ్రిల్లింగ్టన్' వినాలా, లేక ఆ టైమేదో రాక్సీ మ్యూజిక్ గాయకుడు బ్రయన్ ఫెర్రీ 'ది జాజ్ ఏజ్'కి ఇవ్వాలా?" రెండూ ఒకే కోవవి. రాక్ గాయకుడు తన పాటల్ని పెద్ద బ్యాండు చేతిలో పెట్టి, తాను నోరు విప్పకుండా పక్కకు తప్పుకున్న ఆల్బమ్‌లు.

ముందు తేడాలు. 1971 మేలో 'రామ్' వచ్చింది (కవరు మీద పాల్‌తో పాటు భార్య లిండా పేరూ ఉంది, సోలో అంటే ఒప్పుకోనివాళ్లున్నారు). నెల తిరక్కుండానే పాల్ మెకార్ట్నీ ఆ పాటలన్నీ రిచర్డ్ హ్యూసన్ చేత వాద్యాలకు రాయించి, లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో రికార్డు చేయించాడు. అంతలో తన కొత్త బ్యాండు వింగ్స్ హడావుడి మొదలైంది, టేపులు అటకెక్కాయి. 1977లో 'పర్సీ థ్రిల్స్ థ్రిల్లింగ్టన్' అనే లేని పెద్దమనిషి పేరుతో విడుదల చేశాడు. ఆయనగారు ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో చెబుతూ లండన్ పేపర్లలో ప్రకటనలు కూడా వేయించాడు! ఫెర్రీది అలా కాదు. 2012లో, తన నలభై ఏళ్ల పాటల్లోంచి 13 ఏరి, కోలిన్ గుడ్ చేత 1920ల జాజ్‌లా మార్పించాడు. రికార్డింగ్ కూడా ఆ కాలంలో లాగే మోనో, అంటే స్టీరియో కాకుండా ఒకే ఛానెల్.

నా మటుకు అసలు సంగతి ఒక్కటే. పాడే గొంతు తీసేశాక ఆ ఖాళీలోకి ఏం వస్తుంది? పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం సినిమా పాట వాయిస్తుంటే మాటలు మనమే లోపల పాడుకుంటాం కదా, 'థ్రిల్లింగ్టన్' నడిచేది ఆ దారిలోనే. 'టూ మెనీ పీపుల్' తీసుకోండి. పాత బీటిల్స్ సహచరుడు జాన్ లెనన్ మీద ఎక్కుపెట్టిన పాట అది, ఆయన అదే ఏడు 'హౌ డు యూ స్లీప్?' అని తిప్పికొట్టాడు. మాటలు పోయేసరికి ఇక్కడ ఆ తగాదా జాడే లేదు, బాణీ మాత్రం చెక్కుచెదరలేదు. 'మంక్‌బెరీ మూన్ డిలైట్' ఇంకా విచిత్రం. 'రామ్'లో పాల్ గొంతు చించుకుని అరుస్తాడు, మాటలకు అర్థం వెతకడం దండగ. ఆ అరుపు అడ్డు తొలిగాక గానీ కింద ఎంత బిగువైన మైనర్ స్కేలు బాణీ ఉందో తెలియదు. అన్నట్టు ఇది పూర్తిగా వాద్యసంగీతమూ కాదు. మైక్ సామ్స్ సింగర్స్, స్వింగిల్ సింగర్స్ మాటల్లేని కోరస్ పాడతారు. గిటారేమో జేమ్స్ బాండ్ థీమ్ వాయించిన విక్ ఫ్లిక్‌ది. అక్కడక్కడా హోటల్ లాబీలో వేసుకునే సంగీతంలా జారిపోతుంది, అది మాత్రం కాదనలేను.

'ది జాజ్ ఏజ్' పనితనంలో ఒక మెట్టు పైనే. ఎక్కడా తొట్రుపాటు లేదు. కానీ 'లవ్ ఈజ్ ద డ్రగ్' (1975) నిలబడిందే ఆ బేస్ గిటారు నడక మీద, ఫెర్రీ గొంతులోని వగల మీద. రెండూ తీసేశాక మిగిలే రాగం పలచన. ఆ లోటు పూడ్చేది పాతకాలపు వేషమే. వింటున్నంతసేపూ "భలే, అచ్చం ఆ రోజుల రికార్డులాగే ఉంది" అనిపిస్తుంది తప్ప పాట గుర్తుకు రాదు. మరో కోణంలో అదే దాని బలం: అసలు పాటలు తెలియకపోయినా హాయిగా వినొచ్చు. 2013లో 'ది గ్రేట్ గాట్స్‌బీ' సినిమాలో అంత చక్కగా ఒదిగిపోయిందీ అందుకే.

కౌంట్ బేసీ 'బేసీస్ బీటిల్ బ్యాగ్' (1966), గిల్ ఎవాన్స్ చేసిన జిమీ హెండ్రిక్స్ పాటల ఆల్బమ్ (1974) సంగతీ కొందరు అడిగారు. రెండూ మంచివే, కానీ అవి రాక్ పాటల్ని జాజ్ వాళ్లు తమంతట తాము చేసుకున్నవి, ఈ లెక్కలోకి రావు.

కాబట్టి 'రామ్' ఇంకా వినకపోతే ఫెర్రీతోనే మొదలుపెట్టండి. 'రామ్' నోటికి వచ్చినవాళ్లు మాత్రం 'థ్రిల్లింగ్టన్' వదలకండి. విడిగా వెతుక్కునే పని కూడా లేదు, 2012లో వచ్చిన 'రామ్' డీలక్స్ సెట్‌లో అదీ ఉంది.