సూపర్‌హీరో కథ: మార్వెల్‌కు మెయిలా, మనవాళ్ళ స్టాలా, సొంత పేజీలా?

మా అక్క కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాడు, ఇంజినీరింగ్ మూడో ఏడు. ఒక ఆదివారం నేను అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కామిక్స్ ఏరుకుంటుంటే ఫోన్ చేశాడు. "మామా, మార్వెల్‌కు మెయిల్ పెట్టిన. నలభై రోజులైంది, రిప్లై రాలే."

ఏం పెట్టావురా అంటే, నూట పన్నెండు పేజీల పీడీఎఫ్ అన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి చూపించాడు. పదివేల ఏళ్ళ చరిత్ర, ఏడు లోకాలు, పన్నెండు మంది రక్షకులు, ఒక మణి. హీరో పేరు నలభై ఒకటో పేజీలో వస్తుంది.

నాకు నవ్వు రాలేదు. పన్నెండేళ్ళ కిందట నేను చేసిందీ అదే. నాది తొంభై పేజీలు, అంతే తేడా. ఇప్పుడు యానిమేషన్ స్టూడియోకు పిల్లల ఎపిసోడ్లు రాసి బతుకుతున్నాను, వీలున్నప్పుడు కామిక్స్ రాస్తాను. వాడికి ఆ రాత్రి చెప్పిందే ఇక్కడ కాస్త సర్ది రాస్తున్నాను. హైదరాబాద్‌లో కూర్చుని సూపర్‌హీరో కథ ఎవరికైనా చెప్పాలనుకుంటే దారులు మూడే: అమెరికా పెద్ద కంపెనీలు, మన దేశంలోని ప్రచురణకర్తలు, లేదంటే ఒక ఆర్టిస్టును పట్టుకుని మనమే వేసుకునే పేజీలు.

పెద్ద కంపెనీల సంగతి తొందరగా తేలిపోతుంది. మార్వెల్ గానీ డీసీ గానీ తాము అడగకుండా వచ్చిన కథల్ని చదవవు. అది పొగరు అనుకుంటాం గానీ అసలు కారణం భయం. మీరు పంపిన కథ వాళ్ళు చదివారనుకోండి. రెండేళ్ళ తర్వాత వాళ్ళ రచయిత తనంతట తనే అలాంటి కథ రాస్తే మీరు కోర్టుకెక్కుతారు. చదవకపోతే ఆ గొడవే లేదు. వాళ్ళకు రాసేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారంటే, ఎక్కువగా అప్పటికే వేరేచోట అచ్చయిన వాళ్ళను ఎడిటర్లు చూసి పిలుస్తారు.

దీనికి ఎదురుగా అందరూ చెప్పే కథ ఒకటుంది. 1982లో ఒక పాఠకుడు స్పైడర్‌మన్‌కు నల్ల డ్రెస్ వేస్తే బాగుంటుందని మార్వెల్‌కు రాశాడు. అప్పటి ఎడిటర్-ఇన్-చీఫ్ జిమ్ షూటర్ ఆ ఆలోచనను 220 డాలర్లకు కొన్నాడు. 1984లో నల్ల డ్రెస్ కామిక్స్‌లోకి వచ్చింది, అందులోంచే తర్వాత వెనమ్ అనే విలన్ పుట్టాడు. "చూసినవా మామా, తీస్కున్నరు కదా" అన్నాడు మావాడు. తీసుకున్నారు. ఎంతకు తీసుకున్నారో కూడా చూడమన్నాను. అంతకుముందు 1938లో సూపర్‌మన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షస్టర్ 13 పేజీల మొదటి కథతో పాటు సూపర్‌మన్ మీద హక్కులన్నీ 130 డాలర్లకు రాసిచ్చేశారు. అంటే పేజీకి 10 డాలర్లు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు.

బయటి దేశమే కావాలనుకుంటే ఇమేజ్ కామిక్స్ ఉంది. 1992లో మార్వెల్ నుంచి బయటికొచ్చిన ఆర్టిస్టులు పెట్టుకున్న సంస్థ. హక్కులు సృష్టించిన వాళ్ళ దగ్గరే ఉంటాయి. కానీ రచయిత ఒక్కడే కథ రాసి పంపితే అక్కడ కుదరదు, బొమ్మలు వేసిన పేజీలు చూపించాలి. అంటే తిరిగి తిరిగి మూడో దారికే వస్తాం. బ్రిటన్‌లో 1977 నుంచి వస్తున్న 2000 ఏడీ అనే పత్రికలో కొత్తవాళ్ళు అడుగుపెట్టే గుమ్మం 'ఫ్యూచర్ షాక్స్'. నాలుగైదు పేజీల్లో మొదలై ఆఖర్న మెలిక తిరిగి ముగిసిపోయే కథలు. 'వాచ్‌మెన్' రాసిన అలన్ మూర్ అంతటివాడు కూడా మొదట్లో అవి రాసినవాడే. ఏడు లోకాలను నాలుగు పేజీల్లో ఇరికించమంటే మావాడి మొహం వాడిపోయింది.

ఇక మనవాళ్ళు. హైదరాబాద్‌లో కామిక్ కాన్, అంటే కామిక్స్ వాళ్ళ జాతర, మొదలైంది 2013లో. హైటెక్స్ హాల్లో జరిగిన ఒక ఏడు నేనూ వెళ్ళాను, స్పైరల్ బైండింగ్ చేయించిన తొంభై పేజీలు బ్యాగులో పెట్టుకుని. బయట ఎండలో థర్మోకోల్ కవచాలు కట్టుకున్న పిల్లలు, లోపల స్టాళ్ళు. సూపర్‌హీరో కామిక్స్ వేసేవాళ్ళు ఎక్కువగా ఢిల్లీ, ముంబయి, బెంగళూరు నుంచి వస్తారు, హిందీలోనో ఇంగ్లిష్‌లోనో వేస్తారు. ఒక స్టాల్లో ఎడిటర్ దొరికాడు. ఒక చేతిలో సమోసా, ఇంకో చేత్తో నా బైండింగ్ తిరగేశాడు. మొదటి పేజీ చూశాడు, ఆఖరి పేజీ చూశాడు, మూసేశాడు. "మా హీరోలతో ఏదైనా కథ ఉందా మీ దగ్గర?" అని హిందీలో అడిగాడు.

లేదు. అసలు వాళ్ళ పుస్తకం ఒక్కటి కూడా నేను చదివి వెళ్ళలేదు. అతను కోప్పడలేదు. టేబుల్ కింద అట్టపెట్టె చూపించాడు. నాలాంటి బైండింగులు ఓ పాతిక ఉన్నాయి అందులో. ప్రతి దాంట్లోనూ ఒక కొత్త హీరో.

ఆ పెట్టె చూసినప్పుడు నాకు తెలిసొచ్చింది. ప్రచురణకర్తకు కొత్త హీరోల కరువు లేదు, ఉన్న హీరోలకు కథల కరువు. హిందీలో వేసే రాజ్ కామిక్స్ వాళ్ళ హీరో నాగరాజ్ 1986లో పుట్టాడు, సూపర్ కమాండో ధ్రువ ఆ మరుసటేడు. అలాంటి పాత్ర మీద ఇన్నేళ్ళుగా ఎన్ని కథలు వచ్చుంటాయో ఊహించండి. తరవాతిది ఎవరో ఒకరు రాయాలి కదా. అందుకని ఈ దారిలో వెళ్ళేవాళ్ళు తమ హీరోను ఇంట్లో ఉంచి, వాళ్ళ పుస్తకాలు నాలుగు కొని చదివి, వాళ్ళ హీరోకు ఎనిమిది పేజీల కథ ఒకటి ఒకే కాగితం మీద రాసుకుని వెళ్ళాలి. ముగింపుతో సహా. చాలామంది ముగింపు దాస్తారు, సస్పెన్స్ అని. సస్పెన్స్ పాఠకుడికి పెట్టాలి గానీ కొనేవాడికి కాదు.

ఇక్కడ మన ఊరి అలవాటు ఒకటి దెబ్బ కొడుతుంది. సినిమా అవకాశాల కోసం కృష్ణానగర్‌లో తిరిగిన వాళ్ళకు కథ చెప్పడమంటే నేరేషన్. రీరికార్డింగ్ నోటితోనే ఇస్తూ, ఫైట్ దగ్గర కుర్చీలోంచి లేచి, రెండు గంటలు. కథ లైన్ బలహీనంగా ఉన్నా గొంతు కాపాడుతుంది. కామిక్ ఎడిటర్ దగ్గర గొంతుతో పనిలేదు, అతను కాగితం చూస్తాడు.

డబ్బు, హక్కులు? వాళ్ళ హీరో మీద రాసిన కథకు పేజీ లెక్కన ఇస్తారు, రేటు ముందే మాట్లాడుకోవాలి. ఆ హీరో రేపు సినిమా అయినా బొమ్మ అయినా మీకేమీ రాదు, అందులో మోసం కూడా లేదు, ముందే తెలిసి వెళ్తున్నాం. మోసపోయేది సొంత హీరోను తీసుకెళ్ళినప్పుడు. ఒకచోట నా పాత్రను "బాగుంది, చేద్దాం" అని నోటిమాట మీద తీసుకున్నారు. ఏడాదిన్నర ఫోన్లు చేశాను. అచ్చూ కాలేదు, కాదనీ చెప్పలేదు. వాళ్ళ పేరు ఇక్కడ అనవసరం, తప్పు సగం నాది.

ఎందుకంటే చట్టం మనం అనుకున్నంత గుడ్డిది కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు జీతానికి పనిచేసే ఉద్యోగి అయితే మామూలుగా కథ కంపెనీది. బయటి నుంచి రాసిచ్చే రచయిత అయితే మొదటి యజమాని రచయితే. హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే అని లెక్క, ఏ దేశాలకో రాయకపోతే ఇండియాకే. తీసుకున్నవాళ్ళు ఏడాదిలోపు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా లేనంతవరకు, ఆ బదిలీ రద్దయిపోతుంది. అలాగని ధైర్యం మరీ ఎక్కువ కూడా వద్దు. ఒట్టి ఆలోచనకు కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లోనే, ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. దాన్ని మీరు రాసిన తీరుకే రక్షణ. "కరెంటును ఒంట్లోకి లాక్కునే హీరో" అన్న మాట ఎవరిదీ కాదు, మీరు రాసిన ఎనిమిది పేజీలు మీవి.

కరెంటు హీరో ఎక్కణ్ణుంచి వచ్చాడంటే, ఆ రాత్రే పుట్టాడు. మణి, ఏడు లోకాలు పక్కన పెట్టి నీకు బాగా తెలిసిన మనిషి గురించి చెప్పరా అన్నాను. వాళ్ళ నాన్న, అంటే మా బావ, కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్. కాసేపు తల గోక్కుని ఇలా చెప్పాడు: "చాదర్‌ఘాట్ బస్తీలో ఒక లైన్‌మన్. షాక్ కొట్టి బతుకుతడు. అప్పటిసంది కరెంటు లాక్కుంటే బలం వస్తది. కానీ లాక్కున్నప్పుడల్లా బస్తీల కరెంట్ పోతది. బస్తీ మొత్తం లైన్‌మన్‌ను తిడ్తది. అంటే వాన్నే."

మణి కథనూ ఈ కథనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో మణి పోతే లోకం పోతుంది, అయినా మనకేమీ అనిపించదు, ఆ లోకంలో మనకు తెలిసినవాడు ఒక్కడూ లేడు. రెండోదాంట్లో పోయేది కరెంటు మాత్రమే. కానీ హీరో శక్తికి ఖరీదు ఉంది, ఆ ఖరీదు పక్కింటివాళ్ళు కడుతున్నారు, తిట్లు వాడే తింటున్నాడు. ఇలాంటి లైను ఏ ఎడిటరైనా నిలబడే వింటాడు. ముగింపు కూడా అందులోనే ఉంది. మూసీకి వరద వస్తుంది, తెగిన తీగ నీళ్ళలో పడుతుంది, నీళ్ళలో జనం ఉన్నారు. అప్పటిదాకా బస్తీకి శాపమైన పనే ఆ రాత్రి చేయాలి.

మావాడు అందులో 1908 వరదను కూడా పెడతానన్నాడు. ఆ సెప్టెంబరులో అఫ్జల్‌గంజ్ దగ్గర ఓ చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చెట్టది. గొప్ప విషయమే. ఎనిమిది పేజీల్లో దానికి ఒక ప్యానెల్, అంటే ఒక బొమ్మ గడి, ఇవ్వొచ్చు, పేజీ ఇవ్వలేం. పేజీకి ఐదారు ప్యానెళ్ళు వేసుకున్నా కథ మొత్తానికి నలభై, నలభై అయిదు బొమ్మలే చేతిలో ఉంటాయి. లెక్క పెట్టుకుని ఖర్చు చేయాలి.

దీంతో మూడో దారిలోకి వచ్చేశాం. ఇందులో టెన్షన్ ఎక్కువ. ఆర్టిస్టు దొరకాలి. మాసాబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో చదివే కుర్రాళ్ళు కొందరికి చేతినిండా పని ఉండదు, కానీ ఫ్రీగా వేయమని మాత్రం అడగకండి. ఎంత తక్కువైనా డబ్బులివ్వండి, అట్ట మీద పేరు సమానంగా వేయండి, హక్కు సగం సగం అని కాగితం మీద రాసుకోండి. స్నేహితులైతే మరీ రాసుకోవాలి.

ఇంకో చిక్కు తెలుగే. ఇంగ్లిష్ కామిక్స్‌లో అన్నీ పెద్దక్షరాలు, వరుస కింద వరుస ఇటుకల్లా పేర్చేస్తారు. మనకు ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, వరుసల మధ్య ఖాళీ పెంచకపోతే పైవాడి ఒత్తు కిందివాడి తలకట్టుకు తగులుతుంది. పైగా 'కొట్టుకుపోతున్నారంట' లాంటి మాట ఒక్కటే పాత్రల మాటలు రాసే బుడగ వెడల్పంతా తినేస్తుంది, మధ్యలో విరగ్గొట్టలేం. అందుకని ఆర్టిస్టు బొమ్మ వేయకముందే మాటలు అతని చేతిలో ఉండాలి, బుడగకు చోటు వదిలి వేస్తాడు. నా మొదటి కామిక్‌లో ఈ సంగతి తెలియక హీరో మొహం సగం బుడగ కిందికి వెళ్ళిపోయింది. అచ్చుకు వెళ్ళేటప్పుడు పేజీలు నాలుగు చొప్పున లెక్కేసుకోవాలి, కాగితం మడిచి మధ్యలో పిన్ను కొడతారు కాబట్టి. కథ ఎనిమిది, అట్ట నాలుగు, మొత్తం పన్నెండు. డిజిటల్ ప్రింట్ షాపులో వంద కాపీలు వేయించుకుంటే చాలు.

ఈ వంద కాపీలు అమ్మి లాభం చూస్తామని కాదు. నా దృష్టిలో మూడో దారే ముందు, రెండోది దాని వెనక. ఆ స్టాల్లోని ఎడిటర్‌కు ఈసారి మీ ఎనిమిది పేజీలు చేతికిచ్చి, "ఇది నా సొంతం, అమ్మకానికి కాదు. మీ హీరోకు కథ ఈ కాగితం మీద ఉంది" అనొచ్చు. మొదటిది మీకు రాయడం వచ్చని చూపిస్తుంది, రెండోదానికి డబ్బులొస్తాయి. ఆర్టిస్టు అస్సలు దొరకని వాళ్ళు, లేదా చిన్నప్పటి నుంచి ఫలానా హీరోకే రాయాలని కలగన్నవాళ్ళు నేరుగా రెండో దారిలో వెళ్ళొచ్చు, తప్పేం లేదు. మార్వెల్‌కు మెయిల్ మాత్రం ఇప్పుడప్పుడే వద్దు.

మావాడి పేజీలు ఇప్పటికి ఏడు అయ్యాయి. ఎనిమిదో పేజీ ఆఖరి ప్యానెల్ దగ్గర ఆర్టిస్టుతో గొడవ పడుతున్నాడు. వరద తీసింది, లైన్‌మన్ బురదలో కూర్చున్నాడు, బస్తీలో బల్బులు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి, కిటికీలోంచి ఒక ముసలామె ఏదో అంటుంది. మావాడు మొదట నాలుగు వరుసల కృతజ్ఞత రాశాడు. బుడగలో పట్టలేదు. రెండు వరుసలు చేశాడు, ఒత్తులు తగులుకున్నాయి. నిన్న రాత్రి ఫోన్ చేసి చదివి వినిపించాడు, ఇప్పుడు ఒక్క వరుసే ఉంది.

"ఇప్పటికిచ్చిండు, సచ్చినోడు."